లారీకి గడ్డం గీసిన ఉస్తాద్

బండి మీద చెయ్యి వేసే ముందు ఆయన అక్కడున్న వాళ్ళందరి నోళ్ళూ మూయించేవాడు. ముందు ఇంజన్ ఆపించేవాడు. తర్వాత కుడిచెయ్యి పైకెత్తి, "జర ఖామోష్. బండి ఏందో చెప్తున్నది, నన్ను విననియ్యుండ్రి" అనేవాడు. పక్క హోటల్లో గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగిపోయేది. ఒకసారి రోడ్డున పోతున్న పెళ్ళి బ్యాండును ఆపించాడట. పెళ్ళికొడుకు గుర్రం మీద, బ్యాండువాళ్ళు బూరలు నోటి దగ్గర పెట్టుకుని, ఈయన లారీ పరీక్ష ముగిసేదాకా బొమ్మల్లా నిలబడ్డారట. నేను చూడలేదు. కానీ ఆయన చెయ్యెత్తితే నేనైనా అట్లాగే నిలబడేవాణ్ణి కాబట్టి నమ్ముతాను.

ఆయన పోయాడని పోయిన వారం బాల్కొండ దగ్గర ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరు బండి ఆపి చెప్పాడు. అప్పటికే నాలుగు రోజులైందట. నేను మహారాష్ట్ర వైపు లోడుతో ఉన్నాను, నాకు కబురందలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు, ఇప్పుడు నేను కొత్తగా మొదలుపెట్టడం బాగుండదు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద రేకుల షెడ్డు, ముందు ఒక వేపచెట్టు, దానికి వేలాడే పాత టైరు. అదే దుకాణం. బోర్డు లేదు. మా డ్రైవర్లందరికీ ఆయన ఉస్తాద్, అంతే. సన్నటి పొడుగు మనిషి. గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం. ఎప్పుడూ కడిగినట్టుండే చేతులు. మెకానిక్ చేతులు అంత తెల్లగా ఉండడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. "పని తెలిసినోడు గ్రీజు ఊకె పూసుకోడు. తెలియనోడే పనిజేసినట్టు కనపడాలని పూసుకుంటడు" అనేవాడు.

ఆయన డబ్బాలో పానాల కంటే, స్క్రూడ్రైవర్ల కంటే పైన, గుడ్డలో చుట్టి, ఒక గడ్డం బ్రష్షూ సబ్బు బిళ్ళా ఉండేవి. తన గడ్డానికి కత్తి తాకనివ్వని మనిషికి అవెందుకని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. "నాకు గాదు భాయ్, బండికి. పెండ్లికి పోవాల్నట" అని ముఖంలో నవ్వు లేకుండా చెప్పేవాడు.

బండికి జబ్బు చేస్తే ముందు డ్రైవర్ని పరీక్ష చేసేవాడు. పొద్దున ఏం తిన్నావు, ఎవరితో కొట్లాడావు, రాత్రి నిద్ర పట్టిందా. ఆ తర్వాతే బండి. నందిపేట నుంచి పసుపు లోడు తెచ్చే డ్రైవరు ఒకతను ఒకరోజు నా కళ్ళముందే వచ్చి మొత్తుకున్నాడు. అతనిది గాలితో బ్రేకులు పడే బండి, టాంకీలో గాలి ఎంతుందో మీటర్లో ముల్లు చూపిస్తుంది.

"ఉస్తాద్, గాలి ఎంతసేపు నింపినా టాంకీల ఆగదు. ఒక్కసారి బ్రేకు కొడితే ముల్లు కిందికి పడుతది."

"పొద్దుగాల లేస్తనే నువ్వేం జేస్తవ్?"

"చాయ్ తాగుత."

"దానికంటే ముందుగాల?"

అతను అటూ ఇటూ చూశాడు. "చెరువు దిక్కు పోత ఉస్తాద్."

"మరి బండికి ఒద్దా?" అని ఉస్తాద్ వంగి, గాలి టాంకీ అడుగున ఉన్న చిన్న మూత తిప్పాడు. తుప్పు రంగు నీళ్ళు బుస్సుమని వచ్చి డ్రైవరు చెప్పులు తడిపేశాయి. గాలితో పాటు లోపలికి పోయిన తేమంతా నీరై, టాంకీలో సగానికి చేరి, గాలికి చోటే లేకుండా చేసింది. "ఎన్నడన్న తీసినవా దీన్ని? ఆర్నెల్ల సంది ఆపుకున్నది పాపం! రోజు పొద్దుగాల నీతోపాటు దాన్ని గూడ పోనియ్యి" అన్నాడు. ఆ నందిపేట డ్రైవర్ని చాలాకాలం దాకా దారిలో ఎవరు కలిసినా, "అయ్యిందా?" అని పలకరించేవాళ్ళు.

ఇక నా సంగతి.

గాలి బ్రేకుల బండ్లు మా జిల్లాకు కొత్తగా దిగిన రోజులవి. పోచంపాడు డ్యాం పనికి వచ్చిన పెద్ద బండ్లలో ఒకదాన్ని మా సేటు కొన్నాడు, నన్ను డ్రైవరుగా పెట్టాడు. ఆ బండ్లలో బ్రేకు పని గాలిది. ఇంజన్ తిరుగుతుంటే కంప్రెసర్ టాంకీల్లోకి గాలి నింపుతుంది. పెడల్ తొక్కితే ఆ గాలే పోయి చక్రాల్ని పట్టుకుంటుంది. డ్రైవరు ముందున్న గుండ్రటి మీటర్లో ముల్లు పైనున్నంతసేపు భయం లేదు. ఎర్రగీత కిందికి పడిందా, పెడల్ తొక్కినా తొక్కనట్టే.

నాకప్పుడు పెళ్ళై నాలుగు నెలలు. చలికాలం పనులకని నా భార్య పుట్టింట్లోనే ఉండేది. వాళ్ళ ఇల్లు ఎడపల్లి దగ్గర, సరిగ్గా బోధన్ రోడ్డు పక్కనే. అంత పెద్ద బండి తోలుకుంటూ ఆ ఇంటి ముందు నుంచి మామూలు హారన్ కొట్టుకుంటూ పోవడం నాకు నామోషీగా తోచింది. నాందేడ్ వెళ్ళినప్పుడు ఆరు బూరల బాజా ఒకటి కొన్నాను. గాలితో పలికేది. సన్నాయిలా "పీపీ పిపిపీ పోం" అని పాట ఎత్తుకునేది. దాన్ని అక్కడే ఒకడు వెనక టాంకీకి రాగి గొట్టంతో కలిపి, టాంకీ దగ్గర చిన్న తిప్పుడు మూతా, స్టీరింగ్ దగ్గర నొక్కే మీటా పెట్టాడు. బూరల్ని సీటు కింద బిగించాడు. మా సేటుకు ఇట్లాంటి షోకులు గిట్టవు. సేటుండే ఊరు దగ్గర పడగానే మూత కట్టేసేవాణ్ణి. ఎడపల్లి వస్తుందనగా తెరిచేవాణ్ణి. నా భార్య గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. ఇద్దరు మరదళ్ళూ కిసకిసా నవ్వేవాళ్ళు. నా అంత మొనగాడు ఆ రోడ్డు మీద లేడనిపించేది.

ముల్లు పడిపోవడం ఆ వారంలోనే మొదలైంది. నేను చూశాను. చూసి, కంప్రెసర్ పాతబడిందనుకున్నాను. అట్లా అనుకోవడమే నాకు సుఖంగా ఉండింది. సేటుతోనూ అదే చెప్పాను. ఆయన హైదరాబాద్ నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించాడు. కళ్ళద్దాలు, జేబులో పెన్ను, మెత్తటి మాట. అతను వచ్చే రోజు నేను బాజా మూత కట్టేసి, దాని మీద గోనెగుడ్డ కప్పాను. అతను పాపం ఒళ్ళు దాచుకోకుండా పొద్దంతా పనిచేశాడు. కొత్త కంప్రెసర్ వేశాడు. ముల్లు పైకెక్కి అక్కడే నిలబడింది. నిలబడక ఏం చేస్తుంది? బ్రేకులు బాగున్నాయని కాగితం రాసి సంతకం పెట్టాడు.

మర్నాడు నేను మూత మళ్ళీ తెరిచాను.

మూడో రోజు పొద్దున సున్నం బస్తాల లోడుతో బోధన్‌కు పోతున్నాను. ఎడపల్లిలో ఆగి రొట్టె తిన్నాను. బయల్దేరేటప్పుడు మరదళ్ళు అడిగారని బాజా మూడుసార్లు మోగించాను. బోధన్ చేరేసరికి చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు మీద చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. దూరం నుంచే బ్రేకు తొక్కాను. పెడల్ ఉస్సుమంది. బండి ఆగలేదు. ముల్లు ఎర్రగీత కింద పడుకుని ఉంది. ఇంకోసారి తొక్కాను. మెత్తగా, దూదిని తొక్కినట్టు పోయింది. ముందు ఎడ్లు, మనుషులు. స్టీరింగ్ ఎడమకు లాగి పక్కనున్న చెరుకు ఆకుల కుప్పలోకి ఎక్కించాను. బండి కుప్పలో కూరుకుని ఆగింది గానీ, ఆగేముందు చివరి చెరుకు బండిని మూలతో కొట్టింది. చక్రం విరిగింది, చెరుకంతా రోడ్డు మీద పడింది, ఎడ్లు కాడి విదిల్చుకుని పొలాల్లోకి పరుగెత్తాయి. బండి తోలే ముసలాయన చుట్ట ముట్టించుకోవడానికి ఒక నిమిషం ముందే కిందికి దిగాడు. ఆ చుట్టే ఆయన్ని బతికించింది. ఆయన నా తలుపు దగ్గరికి వచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"చెరుకుతోనే సక్కెర జేస్తరనుకున్న గదరా బిడ్డా. నాతోని గూడ జేస్తరా?"

జనం చేరారు. ఆ గొడవలో నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. బండి కిందికి దూరి, మూత కట్టేసి, గోనెగుడ్డ చుట్టి, పైన ఇంత గ్రీజు పూశాను. ఆ పని మాత్రం చక్కగా చేశాను.

సేటు కారులో వచ్చాడు. ఇంకా లాడ్జిలోనే ఉన్న ఆ హైదరాబాద్ మెకానిక్‌ను వెంట తెచ్చాడు. "సంతకం నీది. నడువ్ ఠాణాకు" అన్నాడు.

"నేను చూసినప్పుడు ముల్లు నిలబడే ఉండె సార్. కేసయితే నా నౌకరీ పోతది. ముగ్గురు పిల్లలు సార్" అన్నాడతను. అతని పెన్ను జేబులోంచి కింద పడింది. నేను నా చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను.

చెరుకు ముసలాయనే మధ్యలో వచ్చాడు. "ఠాణా యాడికి పోదు సేటూ. ముందుగాల నిజామాబాద్ ఉస్తాద్‌కు సూపియ్యి. దెబ్బ తాకింది నా బండికి, నేనే జెప్తున్న" అన్నాడు.

కారు పోయి, మధ్యాహ్నానికి ఉస్తాద్‌ను తెచ్చింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో పెళ్ళికి వచ్చినట్టు కూర్చున్నాడు. దిగి, బండిని చూడలేదు. నా దగ్గరికి వచ్చాడు.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"జొన్నరొట్టె, ఉస్తాద్."

"యాడ?"

"ఎడపల్లిల. అత్తగారింట్ల."

"వహ్వా! నువ్వొస్తున్నవని వాళ్లకు ముందుగాల ఎట్ల తెలుస్తది, రొట్టె చేసి పెట్టనీకి?"

"ఎట్లనో తెలుస్తది" అన్నాను.

"అచ్ఛా, ఎట్లనో తెలుస్తది" అని ఆయన గడ్డం నిమురుకున్నాడు.

ఇంజన్ నడిపించి టాంకీలు నింపించాడు. ఇంజన్ ఆపించాడు. సేటునూ ఆ మెకానిక్‌నూ క్యాబిన్లో కూర్చోబెట్టి, ముల్లు మీంచి కళ్ళు తీయొద్దన్నాడు. తర్వాత చెయ్యి పైకెత్తాడు. నూరుమంది చెరుకు బండ్లవాళ్ళు, అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఉస్తాద్ కళ్ళు మా అందరి మీదా మెల్లగా తిరిగాయి. నేను గుటక మింగాను.

"ముల్లు పడుతున్నదా సేట్?"

"లేదు. ఉన్నకాడనే ఉన్నది!"

"పొద్దుగాల సచ్చిపోయిన బ్రేకు, పగటీలికి ఎట్ల లేచి కూసున్నది? గిది మంచి కరామత్ ఉన్నదే" అని ఉస్తాద్ డబ్బా తెరిచి, గిన్నెలో సబ్బు నురగ కలిపాడు. బ్రష్షుతో గాలిగొట్టాల అతుకులకు ఒక్కొక్కదానికే నురగ పూయడం మొదలుపెట్టాడు. గాలి కారేచోట నురగ ఉబ్బి బుడగలొస్తాయి. ముందు నుంచి వెనక్కి, మంగలి పెద్దమనిషి గడ్డానికి పూసినంత మర్యాదగా పూసుకుంటూ పోతున్నాడు. జనం నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆయన ప్రతి అతుకు దగ్గరా నురగ వంక కాక నా వంక చూస్తున్నాడు.

వెనక టాంకీ దగ్గరికి రాగానే ఆగాడు. బండి అడుగంతా వేలిమందాన ఎర్రదుమ్ము ఉంది. అక్కడొక్కచోటే నిగనిగలాడే కొత్త గ్రీజు. దాన్ని వేలితో తుడిచి, గోనెగుడ్డ తీసి, కింద దొరికిన అతుకు మీద నురగ పూసి, మూత తెరిచాడు. బుడగ నిమ్మకాయంత లేచి ఆయన గడ్డం మీద పగిలింది.

"పడుతున్నది, పడుతున్నది!" పైనుంచి సేటు అరిచాడు.

మూత కట్టాడు.

"ఆగింది!"

ఉస్తాద్ బండి కింద నుంచి నన్ను దగ్గరికి రమ్మని వేలు ఆడించాడు. నేను వంగాను.

"ఎన్ని బూరలు?"

"ఆరు."

"యాడ?"

"సీటు కింద." అప్పుడు సేటు కూర్చున్నది సరిగ్గా వాటి మీదే.

ఉస్తాద్ బయటికి వచ్చి చేతులు కడుక్కున్నాడు. "దొరికింది సేట్" అన్నాడు.

"ఎవని తప్పు?"

"నేను బండ్ల హకీంను, పోలీసోణ్ణి గాదు. ఒక చాయ్ తెప్పియ్యి. నేను తాగేలోపట బండే నోరు తెరిచి చెప్తది. చెప్పకపోతే నేను జెప్త."

చాయ్ వచ్చింది. ఆయన దాన్ని సాసర్లో పోసి, ఊది, జుర్రున లాగాడు. నా వంక చూడలేదు. మళ్ళీ పోశాడు, ఊదాడు. హైదరాబాద్ మెకానిక్ క్యాబిన్ మెట్టు మీద రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. మూడో సాసర్ ఉస్తాద్ పెదాల దాకా పోతుండగా నేను సేటు ముందుకు వచ్చి, నాందేడ్ నుంచి మొదలుపెట్టి గ్రీజు దాకా అంతా చెప్పేశాను.

మెకానిక్ కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. సేటు చెప్పు తీశాడు. ఉస్తాద్ సాసరు పట్టుకునే మా ఇద్దరి మధ్యలోకి వచ్చాడు.

"కొట్టు సేట్, కానీ చెప్పుదెబ్బ సాయంత్రానికి మరిచిపోతడు. పనిలకెల్లి తీసేస్తవా, ఇంకో సేటు బండికి పన్నెండు బూరలు పెడుతడు. నా మాట విను. బాజా నాకియ్యి. గీ చెరుకు దినాలు అయిపోయేదాంక, గీ రోడ్డు మీదికి ఒచ్చినప్పుడల్లా బండి ఆపి, కిందికి దిగి, గా పాట నోటితోని ఊదాలె. ముసలాయన విని బాగుందన్నంకనే ముందుకు పోవాలె."

నవ్వు ఆపుకోలేక ముందు ఆ మెకానికే నవ్వాడు. తర్వాత చెరుకు బండ్లవాళ్ళు. సేటు చెప్పు కింద పడేశాడు. ఆ సాయంత్రం ముసలాయన చెరుకు నేనే భుజాన మోసి ఫ్యాక్టరీ లోపలికి చేర్చాను. చక్రం సేటు చేయించాడు. ఎడ్లు మాత్రం రెండు రోజులు నన్ను చూసి బెదిరాయి.

ఆ చెరుకు కాలమంతా శిక్ష అమలైంది. ముసలాయన చెయ్యి చెవికి ఆనించుకుని, "నిన్నటి లెక్క లేదు. నడుమల సాగుత లేదు, మల్లా ఊదు" అనేవాడు. నిజామాబాద్‌లో ఉస్తాద్ దుకాణం ముందు కూడా ఒకసారి ఊదించారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఉస్తాదే, నా బుగ్గలు చూసి. ఇంట్లో పోయిన పరువు గురించి దిగులుపడి ఒకరోజు నా భార్యతో, "బాజా లేకపోయె, ఇంక నువ్వు గోడ కాడికి రావు గదా" అన్నాను.

ఆమె వింతగా చూసింది. "నేనొచ్చేది నీ బాజాకా? నువ్వు గంత జోరుగ ఒస్తవని కోళ్లను రోడ్డు మీదికెల్లి ఎల్లగొట్టనీకి ఒస్తుంటి."

తర్వాత కొన్నేళ్ళు ఆ దుకాణంలో నేను చాలాసేపు కూర్చునేవాణ్ణి, పనున్నా లేకున్నా. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఉస్తాద్ నాకు వీపు పెట్టి చాయ్ పోస్తున్నాడు. పక్కనే నిలిపిన లారీ టైరు ఢామ్మని పేలింది. హోటల్లో వాళ్ళు, నేను, వేపచెట్టు మీది కాకులు, అందరం ఎగిరిపడ్డాం. ఆయన చెయ్యి మాత్రం కొంచెమైనా కదలలేదు. చాయ్ ధార అట్లాగే పడుతోంది. నాకేదో అనుమానం తగిలింది. వెనక నుంచి మెల్లగా పిలిచాను. గట్టిగా పిలిచాను. చివరికి "పీపీ పిపిపీ పోం" అని ఊదాను. ఆయన చాయ్ పోయడం అయ్యాక వెనక్కి తిరిగి, ఉబ్బిన నా బుగ్గలు చూసి, దొరికిపోయిన దొంగలా నవ్వాడు.

"ఎన్నటి సంది ఉస్తాద్?"

నా పెదాల వంక చూసి జవాబిచ్చాడు. "నా నిఖాకు ముందు జ్వరమొచ్చింది. గప్పటి సంది."

"మరి గాలి పోయే చప్పుడు?"

"ఎట్లుంటదో నాకెరుకే లేదు. సబ్బు ఉన్నది, కండ్లున్నయ్. సబ్బు లేకపోతే చెంప తడుపుకొని గొట్టం కాడ పెడుత, సల్లగ తాకుతది."

"మరి అందర్ని ఊకొమ్మంటవ్ ఎందుకు?"

"మాట్లాడెటప్పుడు మనిషి మొకం దాసుకుంటడు. నోరు మూపిస్తే ఇంక యాడ దాసుకుంటడు? ఎవడు మింగుతడో, ఎవడు పక్కకు చూస్తడో, గాడనే ఉంటది సగం బీమారి." తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి, మెల్లగా, "గిది నాకు, మీ చాచీకి, అల్లాకు తప్ప ఎవ్వరికి ఎరుక లేదు. ఇప్పుడు నీకు. నోరు జారితే నా దుకాణం బంద్ అయితది బేటా" అన్నాడు.

నేను నోరు జారలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. అంతమంది డ్రైవర్లలో నన్నొక్కణ్ణే ఆయన అంతవాణ్ణి చేశాడని లోపల్లోపల గర్వంగా ఉండేది. ఎవరైనా ఆయనకు వెనక నుంచి ఏదైనా చెప్పబోతే నేను ఏదో వంకతో ఆయన్ని అటు తిప్పేవాణ్ణి. ఆయన కంటికొసల్లోంచి నాకు సలాం చేసేవాడు. మా మధ్య అదొక దోస్తీ.

ఆ కబురు తెలిశాక లోడు దించి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద ఏడెనిమిదిమంది డ్రైవర్లు తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. ఆ నందిపేట అతనూ ఉన్నాడు. హైదరాబాద్ మెకానిక్ కూడా బస్సెక్కి వచ్చాడు, జుట్టు నెరిసింది. లోపల ఆయన భార్య, మా చాచీ, పరదా పక్కన కూర్చుని ఉంది. ఆమెను ఎట్లా ఓదార్చాలో తెలియలేదు. ఏదైనా మనసులోంచి చెప్పాలనిపించింది. గొంతు తగ్గించి, "చాచీ, ఉస్తాద్ చెవుల సంగతి నాకు తెలుసు. నాకొక్కనికే చెప్పిండు. ఇన్నేండ్లు ఎవ్వరికి చెప్పలే" అన్నాను.

ఆమె ముందు నా వంక తేరిపార చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతుంటే తెలిసింది, నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నీకు గూడనా బేటా! గా అరుగు మీద కూసున్నోళ్లు పొద్దుటి సంది ఒక్కొక్కడు లోపటికొచ్చి గిదే మాట చెప్పిపోతున్నరు. మీ అందరికి, ఒక్కొక్కనికి, నీకొక్కనికే అనుకుంట చెప్పిండు."